మేనరికం: మనసుకు దగ్గర... రక్తానికీ దగ్గరే!

కొబ్బరాకు పందిరి కింద తాటాకు చాప. చాప మీద కొత్త ఓణీలో తలొంచుకు కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్ల. పక్కన పళ్లెంలో చిమ్మిలి ఉండలు. మేనమామ తెచ్చిన చీర, ముత్తయిదువలు పెట్టిన పసుపు కుంకాలు. కాకినాడ జిల్లాలో సముద్రం దాపున ఉన్న ఒక పల్లెలో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లకు జరిగిన సమర్త పేరంటం అది.

అక్షింతలు వేస్తూ పిల్ల మేనత్త నవ్వింది. "ఏరా తమ్ముడూ, నా కోడల్ని నా ఇంటికెప్పుడు పంపుతావురా?" అంది. పేరంటాళ్లంతా ఘొల్లున నవ్వారు. పిల్ల తండ్రీ నవ్వాడు. పిల్ల తల్లి మాత్రం నవ్వలేదు. ఆమె చూపు పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డ పదిహేడేళ్ల కుర్రాడి మీద ఉంది. మేళం మోగుతున్నా వాడు తల తిప్పలేదు. మేనత్త రెండో కొడుకు. పుట్టు చెవుడు.

మేనత్తను పదో తరగతి అవ్వగానే సొంత మేనమామకే ఇచ్చారు. పెద్దకొడుకు పాలిటెక్నిక్ చదివి పనిలో ఉన్నాడు, బుద్ధిమంతుడు. రెండోవాడు ఇలా పుట్టాడు. ఇప్పుడామె పెద్దకొడుక్కి తమ్ముడి కూతురిని అడుగుతోంది. తమ్ముడు ఔనంటే ఒక భయం, కాదంటే మరొక భయం. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. జిల్లాలో ఎన్నో ఇళ్లలో ఏటేటా ఇదే ప్రశ్న పందిట్లోకి వస్తోంది.

పిలుపులోనే పెళ్లి

మన భాషలోనే మేనరికం ఉంది. తండ్రి తోబుట్టువు అత్త. పెళ్లయ్యాక భర్త తల్లీ అత్తే. తల్లి తోబుట్టువు మామ. పిల్లనిచ్చిన వాడూ మామే. అన్నదమ్ముడికి అక్కచెల్లెలి కొడుకు మేనల్లుడు, కూతురు మేనకోడలు. అల్లుడు, కోడలు అన్న మాటలు అప్పటికే అందులో కలిసి ఉన్నాయి. పిల్ల ఉయ్యాల్లో ఉండగానే పక్కింటి అవ్వ "అదిగో మీ బావ వచ్చాడు" అని ఆటపట్టిస్తుంది. పదేళ్లు వచ్చేసరికి ఆ మాట నిజమై కూర్చుంటుంది.

అదే పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు అయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అక్కడ పెళ్లి మాట ఎత్తితేనే పాపం. కానీ రక్తం లెక్కన చూస్తే పెదనాన్న కూతురూ, మేనమామ కూతురూ ఇద్దరూ ఒకే దూరం. ఒకరిని చెల్లెలని, ఇంకొకరిని మరదలని పిలవడం మనుషులు గీసుకున్న గీత. శరీరానికి ఆ గీత తెలియదు.

ఆ గీత కూడా అన్ని చోట్లా ఒకలా లేదు. ఉత్తరాది హిందువుల్లో చాలామందికి మేనమామ కూతురు కూడా చెల్లెలే. ముస్లింలలో పెదనాన్న, చిన్నాన్న పిల్లల మధ్య కూడా పెళ్లి చెల్లుతుంది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకోవడం దక్షిణాది వారి ఆచారమని ప్రాచీనమైన బౌధాయన ధర్మసూత్రంలోనే ప్రస్తావన ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనరికాన్ని, మేనమామ మేనకోడళ్ల పెళ్లిని నిషిద్ధ సంబంధాల్లోనే చేర్చింది. అయితే ఆచారం ఉన్నచోట చెల్లుతుందని మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు మీదే మన పందిళ్లు నిలబడ్డాయి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు నాలుగోవంతు, తెలంగాణలో సుమారు ఐదోవంతు రక్తసంబంధంలోనే పెళ్లాడిన వారు. దేశం మొత్తం మీద ఇది నూటికి 11 మాత్రమే.

పెద్దలు ఊరికే చేయలేదు

ఈ ఆచారానికి కారణాలు లేకపోలేదు. పొలం చీలిపోదు. ఇచ్చిన కట్నం కూడా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్యే తిరుగుతుంది. పిల్ల ముక్కూమొహం తెలియని గడప తొక్కనక్కర్లేదు. పురిట్లో ఎత్తుకున్న మేనత్తే అత్తగారు కనుక, కూర మాడినా ఓ మాట అని ఊరుకుంటుందన్న ధీమా. ముసలితనంలో అత్తను చూసేది కూడా సొంత మేనకోడలే. ఆడపిల్ల క్షేమానికి పెద్దలు వేసుకున్న కంచె అది. ఆ కంచెను ఎగతాళి చేసేవారికి ఊళ్ల సంగతి తెలియదనే చెప్పాలి.

ఇంకో విశేషం ఉంది. అక్క కూతురిని చేసుకోవడమనే పద్ధతి నిలబడటానికి ఆనాటి కాన్పులే ఆధారం. వెనుకటి తల్లులు ఎనిమిది, పది మందిని కనేవారు. పెద్ద కూతురి పెళ్లయి ఆమెకు ఆడపిల్ల పుట్టేసరికి, తల్లికి కడగొట్టు కొడుకు ఇంకా పాలు తాగుతూ ఉండేవాడు. అందుకే మేనమామకూ మేనకోడలికీ ఈడూ జోడూ కుదిరేది. ఇప్పుడు ఇద్దరు పిల్లలతో సరి. రెండు, మూడేళ్ల తేడాతో పుట్టిన అక్కాతమ్ముళ్లలో తమ్ముడికి అక్క కూతురు ఇరవై ఏళ్ల చిన్నది అవుతుంది. ఒక్క పిల్లతో ఆపినవాళ్ల ఇళ్లలో మేనబావే దొరకడు. అదే 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.7కి దిగింది. ఎవరూ చాటింపు వేయకుండానే మేనరికాలు తగ్గడానికి చదువులతో పాటు ఇదీ ఒక కారణం.

తాతగారి నోటు

మరి మేనరికంలో వచ్చే చిక్కు ఏమిటి? శాస్త్రం చెప్పే మాట ఇంటి భాషలో చెప్పుకుంటే ఇదీ.

మనిషి శరీరం ఎలా తయారు కావాలో చెప్పే సూచనలను జన్యువులంటారు. దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒక ప్రతి పాడైనా రెండోది బాగుంటే చాలా జబ్బుల్లో మనిషికి ఏ లోటూ తెలియదు. అలాంటి పాడు ప్రతులు కొన్ని ప్రతి మనిషిలోనూ ఉంటాయి. రాజులోనూ ఉంటాయి, కూలివాడిలోనూ ఉంటాయి. అది ఎవరి తప్పూ కాదు.

దీన్ని తాతగారు రాసిన ప్రామిసరీ నోటుతో పోల్చవచ్చు. ఆ నోటు పెట్టె అడుగున ఉన్నంతకాలం ఎవరికీ బాధ లేదు. తాతకు ఉన్న ఒక పాడు ప్రతి కొడుక్కి వచ్చే అవకాశం సగం. కూతురికీ సగమే. మనవడికి నాలుగోవంతు, మనవరాలికి నాలుగోవంతు. ఆ మనవడూ మనవరాలూ బావామరదళ్లయి పెళ్లాడితే, ఇద్దరి దగ్గరా అదే నోటు ఉండే అవకాశం 16లో 1. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రెండు పాడు ప్రతులూ చేరే అవకాశం 4లో 1. అంటే మొత్తం మీద 64లో 1. మేనమామ, మేనకోడలు అయితే ఇది 32లో 1.

అదే పైవాళ్ల సంబంధం అయితే? ఆ పాడు ప్రతి ఊళ్లో వందమందిలో ఒకరికి ఉందనుకుంటే, మనవడికి వచ్చిన పెళ్లాం దగ్గర కూడా అదే ఉండాలి కాబట్టి, బిడ్డకు ముప్పు 1600లో 1. ఒకే నోటు రెండు చేతుల్లో పడితేనే అప్పు వసూలుకు వస్తుంది. మేనరికం చేసే పనల్లా ఆ రెండు చేతులనూ దగ్గరికి తేవడం.

అలాగని మేనరికపు బిడ్డలంతా లోపంతో పుడతారనుకోవడం పొరపాటు. ఏ సంబంధమైనా పుట్టిన వందమందిలో ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టు లోపం కనిపిస్తుంది. మేనబావ మరదళ్ల బిడ్డల్లో అది సుమారు రెట్టింపని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. అంటే వందలో తొంభై నాలుగు, తొంభై అయిదు మంది చక్కగానే ఉంటారు. అందుకే "మా తాతల నాటి నుంచి చేసుకుంటున్నాం, ఏమైంది?" అని అడిగేవారి మాటలో కొంత నిజముంది. అయితే ఆ రోజుల్లో మశూచికి, కలరాకు, విరోచనాలకు పసిపిల్లలు ఎందరో పోయేవారు. ఏ బిడ్డ దేనికి పోయిందో లెక్క లేదు. టీకాలు, మందులు వచ్చాక ఆ చావులు తగ్గాయి. అప్పటిదాకా వాటి వెనక దాగిన వంశపారంపర్య జబ్బులు ఇప్పుడు విడిగా కంటికి ఆనుతున్నాయి.

పిఠాపురం కుర్రాడు, కాకినాడ చేరిన దొర

ఈ లెక్కలకూ మన జిల్లాకూ పాత చుట్టరికమే ఉంది. బ్రిటన్‌లో పుట్టిన ప్రఖ్యాత జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశం వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆయన దగ్గర శిష్యరికం చేసినవారిలో ఒకరు 1937లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఆంధ్రదేశంలో మేనరికాలు ఎంతమేరకు ఉన్నాయి, వాటి ఫలితాలేమిటి అన్న విషయం మీద ఆయన, పి. మీరాఖాన్ కలిసి చేసిన పరిశోధనలు 1960 దశకం తొలినాళ్లలో శాస్త్ర పత్రికల్లో వెలువడ్డాయి. మనం వేళాకోళానికి ఆడుకునే బావామరదళ్ల వరస ప్రపంచ శాస్త్రజ్ఞులకు పాఠమైంది.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాశారు. కృష్ణారావు తరువాత అమెరికాలో స్థిరపడి 2020లో మరణించారు.

మేనరికపు దిగులు మన ఒక్కరిదే కాదు. జీవ పరిణామాన్ని వివరించిన చార్లెస్ డార్విన్ 1839లో పెళ్లాడింది సాక్షాత్తూ మేనమామ కూతురు ఎమ్మాను. వారికి పదిమంది పిల్లలు పుట్టగా ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. తమ దగ్గరి చుట్టరికమే బిడ్డల అనారోగ్యానికి కారణమా అని ఆయన మథనపడ్డాడు. ఏళ్ల తరబడి మొక్కల మీద పరీక్షలు చేశాడు. తన పుప్పొడితో తానే కాయ కాసిన మొక్కల కంటే వేరే మొక్క పుప్పొడితో కాసిన వాటి సంతతి చాలావరకు బలంగా ఉంటుందని 1876లో పుస్తకం వేశాడు. సంకర విత్తనం వేసి మొక్కజొన్న పండించే రైతుకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

కులమూ పెద్ద కుటుంబమే

"మేనరికం మానేసి మన కులంలోనే బయటి సంబంధం చేసుకుంటే సరిపోతుంది కదా" అనే ఆలోచన చాలామందికి ఉంది. ముప్పు తగ్గుతుంది, నిజమే. కానీ పూర్తిగా పోదు. వందల ఏళ్లుగా ఒక కులంలోనే ఇచ్చిపుచ్చుకుంటే ఆ కులమంతా ఒక పెద్ద కుటుంబం కిందే లెక్క.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా జన సముదాయాల జన్యువులను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించిన గుర్తులు 81 సముదాయాల్లో బలంగా కనిపించాయి. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి వరకు ఈ దేశంలో జనం బాగా కలిసిపోయారనీ, తరువాతనే ఎవరి గుంపులో వారు పెళ్లాడటం బిగుసుకుందనీ అంతకు ముందు 2013లోనే ఈ శాస్త్రవేత్తలు చెప్పారు.

దీనికి తెలిసిన ఉదాహరణ ఆంధ్ర వైశ్యుల విషయం. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును శరీరంలో విరిచే రసాయనం వీరిలో కొందరికి పుట్టుకతోనే తక్కువ. మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీద ఆ మందు ఇస్తే మాత్రం ఊపిరి తిరిగి అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. ఒక్క మాట చెప్పడంతో ప్రాణం నిలబడే సంగతి ఇది. ఇలాంటి లోపం ఏదో ఒకటి ప్రతి సముదాయానికీ ఉంటుంది కనుక ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు.

నింద మాత్రం తల్లికే

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మన పల్లెల్లో 'గ్రహణం మొర్రి' అంటారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందనో, కత్తి పట్టిందనో మాట వేస్తారు. గ్రహణానికీ, మొర్రికీ ఏ సంబంధమూ లేదు. కడుపులో తొలి రెండు మూడు నెలల్లో పెదవి, అంగిలి కలవవలసిన చోట కలవకపోతే అలా జరుగుతుంది. శస్త్రచికిత్సతో బాగవుతుంది.

చెవుడు పిల్లలు పుట్టినా, రక్తం పట్టని పిల్లలు పుట్టినా వేలు చూపేది కోడలి వైపే. కానీ ఇంతవరకు చెప్పుకున్న రకం జబ్బు రావాలంటే రెండు పాడు ప్రతులు కావాలి. ఒకటి తల్లిది, ఇంకొకటి తండ్రిది. మగవాడి వాటా లేకుండా ఈ జబ్బు రాదు. మేనరికంలో అయితే ఆ రెండూ చాలాసార్లు ఒకే తాతమ్మ పెట్టెలోంచి వచ్చినవి. కోడలిని తిట్టే అత్త తన పుట్టింటినీ తిట్టుకుంటున్నట్టే.

మనం చేయగలిగినవి

పెళ్లి మాటలు మొదలుపెట్టే ముందు జాతకాలతో పాటు మూడు తరాల ఆరోగ్యం కూడా చూడాలి. రెండు వైపులా పుట్టు చెవుడు, చిన్న వయసులోనే చూపు పోవడం, మాటిమాటికీ రక్తం ఎక్కించవలసి రావడం, కారణం తెలియకుండా పసిపిల్లలు పోవడం ఉన్నాయేమో ముసలివాళ్లను అడిగి తెలుసుకోవాలి. ఉంటే ఆ సంబంధం విషయం జన్యు సలహా ఇచ్చే డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

తలసీమియా, సికిల్ సెల్ జబ్బులు ఉన్నాయో లేదో రక్తపరీక్షతో తెలుస్తుంది. తలసీమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇద్దరు 'వాహకులు' పెళ్లాడకుండా చూసుకుంటే, లేదా గర్భం తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకుంటే ఆ కష్టం తప్పించవచ్చు. ఏజెన్సీ గ్రామాల గిరిజనుల్లో సికిల్ సెల్ ఎక్కువ. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది.

ఇనుము మాత్రలు వాడినా పిల్లకు రక్తం పట్టకపోతే 'తిండి సరిగా తినదు' అని వదిలేయకూడదు. రేచీకటి అంతా ఒకటి కాదు. ఎ విటమిన్ కొరతతో వచ్చేది మందుకు లొంగుతుంది. వంశంలో వచ్చేది మందుకు లొంగదు, కంటి ఆసుపత్రిలో చూపించాలి. పుట్టిన బిడ్డ చప్పుడుకు ఉలిక్కిపడకపోతే, 'మాట ఆలస్యం, మేనమామ పోలిక' అని ఏళ్లు గడపరాదు. చెవి పరీక్ష ఎంత ముందు చేయిస్తే మాట వచ్చే అవకాశం అంత ఎక్కువ. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ పథకం 2013లోనే ఆరంభమైంది. ఆ డాక్టర్ల బృందం ఊరికి వచ్చిన రోజున పిల్లను కలుపుకి పంపకుండా బడికి పంపాలి.

ఇప్పటికే మేనరికం చేసుకున్నవాళ్లు బెంగపడనక్కర్లేదు. కాన్పు కాన్పుకూ డాక్టరుకు ఆ మాట దాచకుండా చెబితే చాలు.

అక్క మాట

సమర్త పేరంటం అయిన వారం రోజులకు ఆ అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కాకినాడలో డాక్టరును కలిశారు. కుర్రాడి చెవుడు వంశపారంపర్యమైనదే అయితే, పెద్దకొడుక్కి ఆ పాడు ప్రతి ఉండే అవకాశం మూడింట రెండు వంతులని, తమ్ముడి కూతురికి నాలుగోవంతని డాక్టరు కాగితం మీద గీసి చూపించారు. ఇద్దరికీ పెళ్లి చేస్తే పుట్టే బిడ్డకు ముప్పు 24లో 1. జన్యు పరీక్ష చేయిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుందనీ, ఏది చేయాలన్నా పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండాక ఆమె ఇష్టం తెలుసుకునే మాట్లాడాలనీ చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. కాదంటే అక్క రాకపోకలు మానేస్తుందని అతని భయం. చివరకు అక్కే నోరు తెరిచింది.

"పదిహేడేళ్లు అందరూ నన్నే అన్నారురా. గ్రహణం నాడు కూర తరిగానన్నారు. నేనూ నిజమే అనుకున్నాను. ఇవాళ ఆ కాగితం చూశాక గుండె తేలికైంది. నీ పిల్లని చదువుకోనీ. నా ఇంటికి కోడలిగా రాకపోతే ఏం? మేనకోడలు కాకుండా పోతుందా?"

"ఎక్కడికి పోతుందే అక్కా! రేపు దాని పెళ్లిలో మొదటి అక్షింతలు నీవే" అన్నాడు తమ్ముడు.

ఆ దసరాకు మేనత్త ఎప్పటిలాగే మేనకోడలికి పరికిణీ తెచ్చింది. ఆమె వెంట వచ్చిన రెండో కొడుకు, పిల్ల పుస్తకంలోని బొమ్మలు చూస్తూ చేతులతో ఏదో అడిగాడు. పిల్ల కూడా చేతులతోనే జవాబు చెప్పింది. వరస మారినా ఆ ఇంట్లో చుట్టరికం మారలేదు.